పదో తరగతి పునరుత్పత్తి పాఠం ఇంట్లో చెప్పడం ఎలా?

ఏటా దసరా సెలవులు అయిపోగానే మా ట్యూషన్ గుమ్మం దగ్గర ఒకే సంభాషణ జరుగుతుంది. పిల్లలు చెప్పులు వేసుకుని మెట్లు దిగాక ఎవరో ఒక తల్లి వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "మేడమ్, ఆ పాఠం..." అని ఆగిపోతారు. ఏ పాఠమో నేను అడగను. బడిలో "ఇది మీరే చదువుకోండి" అని పేజీలు తిప్పేసి ఉంటారు. ఇంట్లో వాళ్లాయన "నువ్వే చెప్పు" అని ఉంటారు. ఆవిడేమో ట్యూషన్‌లో చెబుతారులే అనుకుని ఉంటారు. ఇలా ముగ్గురి చేతులు మారిన పాఠం చివరికి పిల్లవాడి ఫోనులోకి వెళుతుంది. అక్కడ వాడికి ఏం దొరుకుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బెంగళూరులో రామమూర్తినగర్, కేఆర్ పురం వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లిదండ్రులు చిత్తూరులోనో అనంతపురంలోనో తెలుగు మాధ్యమంలో చదివారు. పిల్లలు ఇంగ్లీషులో చదువుతున్నారు, పక్కన కన్నడం. అమ్మకు "జరాయువు" తెలుసు, కూతురికి "ప్లాసెంటా" తెలుసు, ఇద్దరూ ఒకే దాని గురించి మాట్లాడుతున్నారని మాత్రం ఇద్దరికీ తెలియదు. సగం బెరుకు సిగ్గు వల్ల వచ్చింది కాదు, మాట దొరకకపోవడం వల్ల వచ్చింది. పన్నెండేళ్లుగా ఈ పాఠం చెబుతూ నేను గమనించింది ఇదే. అందుకే కింది పద్ధతి మాటలతో మొదలవుతుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

పిల్లల సైన్సు పుస్తకం. సీబీఎస్‌ఈ అయినా కర్ణాటక ఎస్‌ఎస్‌ఎల్‌సీ అయినా ఈ పాఠంలో విషయం దాదాపు ఒకటే.

పది తెల్లకాగితాలు, పెన్సిలు, రబ్బరు, ఎరుపు, నీలం రంగు పెన్సిళ్లు.

ఒక జామకాయ, రెండు బాదం గింజలు, మూరెడు దారం.

గోడ క్యాలెండరు. అన్ని నెలలూ ఉన్నది కావాలి.

టానిక్కు సీసాతో వచ్చే కొలత మూత, కాస్త కుంకుమ కలిపిన నీళ్లు, ఒక శానిటరీ ప్యాడ్.

రెండు సాయంత్రాలు, ఒక్కోటి గంటసేపు. ఒకే రోజు అంతా చెప్పేయాలని కూర్చోకండి. ఫోనులో బొమ్మలు వెతకడం కూడా వద్దు. పక్కన వచ్చే ప్రకటనలకు మీరు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. పుస్తకంలోని పటాలు చాలు.

కొడుకైతే నాన్న, కూతురైతే అమ్మ చెప్పాలనే నియమం పెట్టుకోవద్దు. నేను కూడా మొదట్లో ఆడపిల్లలను, మగపిల్లలను విడివిడిగా కూర్చోబెట్టాను. పక్క గదిలో ఏదో రహస్యం చెబుతున్నారని రెండు వైపులా ఒకటే గుసగుసలు. మరుసటి ఏడాది అందరినీ కలిపి కూర్చోబెట్టాను. పది నిమిషాలు నవ్వుకున్నారు, తర్వాత పెన్సిళ్లు చెక్కుకున్నారు.

1. మాటల పట్టిక రాయించండి

కాగితం మీద మూడు గళ్లు గీయించండి. మొదటి గడిలో బడి మాట, రెండో గడిలో తెలుగు పుస్తకం మాట, మూడో గడిలో ఇంటి మాట. టెస్టిస్ అంటే ముష్కం, ఇంట్లో వృషణం. ఓవరీ అంటే అండాశయం. యుటెరస్ అంటే గర్భాశయం, ఇంట్లో గర్భసంచి. ప్లాసెంటా అంటే జరాయువు, ఇంట్లో మాయ. అంబిలికల్ కార్డ్ అంటే నాభిరజ్జువు, ఇంట్లో బొడ్డుతాడు. మెన్‌స్ట్రుయేషన్ అంటే ఋతుస్రావం, ఇంట్లో నెలసరి, ముట్టు, బయట చేరడం. కన్నడంలోనూ "ముట్టు" అనే అంటారు. పిల్లలకు ఈ సంగతి చెబితే ఎందుకో చాలా సంతోషిస్తారు.

ఇంటి మాట లేని గడిని ఖాళీగా వదిలేయండి. బూతుగా వాడే మాట ఒకటి ఉందని పిల్లవాడు నవ్వితే కోప్పడకండి. "ఆ మాట తిట్టడానికి, ఈ మాట పరీక్షలో రాయడానికి" అని ముందుకు వెళ్లండి.

ఇక్కడ తప్పనిసరిగా తేల్చుకోవలసిన జంట ఒకటి ఉంది: యురేటర్, యురెత్రా. మొదటిది మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం, ఇవి రెండు ఉంటాయి. రెండోది మూత్రాశయం నుంచి బయటికి వచ్చే ప్రసేకం, ఇది ఒక్కటే. మార్కులు ఎక్కువగా పోయేది ఈ రెండింటినీ తారుమారు చేయడం వల్లే.

2. పురుష వ్యవస్థ: మూత్రాశయంతో మొదలుపెట్టండి

పిల్లలు నేరుగా ముష్కాలు గీసి, అక్కడి నుంచి శిశ్నంలోకి (పురుషాంగంలోకి) ఒక అడ్డగీత లాగేస్తారు. మొత్తం పటం అక్కడే పోతుంది. ముందు మధ్యలో మూత్రాశయం గీయించండి. దాని కింద పౌరుష గ్రంథి (ప్రోస్టేట్), దాని గుండా కిందికి ప్రసేకం. ఆ తర్వాతే ముష్కాలు, అవి ఉండే సంచి, ముష్కగోణి.

ఇప్పుడు ఎర్ర పెన్సిలు తీసుకుని శుక్రకణం నడిచే దారి గీయమనండి. ముష్కం నుంచి శుక్రవాహిక (వాస్ డిఫరెన్స్) పైకి వెళుతుంది, పొత్తికడుపులోకి చేరి, మూత్రాశయం వెనక్కి తిరిగి, సెమినల్ వెసికిల్ అనే గ్రంథి నుంచి వచ్చే నాళంతో కలిసి, పౌరుష గ్రంథి లోపల ప్రసేకంలో కలుస్తుంది. అంటే కిందికి రావడానికి ముందు ఒక పెద్ద చుట్టు తిరుగుతుంది. నీలం పెన్సిలుతో మూత్రం దారి గీయించండి. ఎరుపు, నీలం కలిసేది పౌరుష గ్రంథి దగ్గరే. అక్కడి నుంచి బయటి వరకు దారి ఒకటే.

సరిచూసే పద్ధతి: పటం మూసేసి, వేలితో గాలిలో ఆ దారి గీయమనండి. వేలు ముందు పైకి వెళ్లాలి. నేరుగా కిందికి వస్తే మళ్లీ గీయించండి.

ముష్కాలు శరీరం బయట సంచిలో ఎందుకు ఉన్నాయని పరీక్షలో తరచూ అడుగుతారు. శుక్రకణాలు తయారు కావడానికి శరీర ఉష్ణోగ్రత కంటే సుమారు 2 నుంచి 3 డిగ్రీలు తక్కువ కావాలి. సమాధానం అంతే, పేరా అక్కరలేదు.

3. స్త్రీ వ్యవస్థ: జామకాయతో

పెద్దవారి గర్భాశయం పొడవు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు, మామూలు జామకాయంత. తొడిమ వైపు, అంటే సన్నని వైపు, కిందికి ఉండేలా కాగితం మీద పెట్టండి. ఆ సన్నని కొస గర్భాశయ ముఖద్వారం, అంటే సెర్విక్స్. దాని కింద యోని గీయండి. జామకాయకు రెండు పక్కలా కాస్త దూరంలో బాదం గింజలు, అవి అండాశయాలు. నిజమైనవి కూడా ఇంచుమించు ఆ ఆకారంలోనే, కాస్త పెద్దగా, మూడు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. పది సెంటీమీటర్ల చొప్పున రెండు దారం ముక్కలు కోసి, జామకాయ పై మూలల నుంచి బాదం గింజల దాకా పరచండి. అవి ఫాలోపియన్ నాళాలు.

దారాన్ని బాదం గింజకు అంటించకండి. కొసను పోగులుగా విప్పి గింజ పక్కన పరిచి వదిలేయండి. నాళం అండాశయానికి గొట్టంలా అతుక్కుని ఉండదు. వేళ్లలాంటి అంచులతో, విడుదలైన అండాన్ని లోపలికి తీసుకుంటుంది. పటంలో ఈ చిన్న సందు కనిపిస్తే దిద్దేవారు ఆ పిల్లను గుర్తుపెట్టుకుంటారు.

జామకాయను నిలువుగా కోసి, గోడ మందంగా ఉండే అవయవమని చెప్పవచ్చు. కానీ జాగ్రత్త. ఒకసారి నేను కోసి చూపించగానే ఓ అబ్బాయి "ఆ గింజలే అండాలా మేడమ్?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, ఉపమానం తెచ్చింది నేను. అప్పటి నుంచి కోసే ముందే చెబుతున్నాను: అండాలు ఉండేది బాదం గింజల్లో, జామకాయలో కాదు. జామకాయ లోపల నిజానికి ఉండేది ఒక సన్నని ఖాళీ, దాని చుట్టూ మెత్తని పొర.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. ఆడవారిలో మూత్రానికి, నెలసరికి దారి ఒకటే అని మగపిల్లలే కాదు, చాలామంది ఆడపిల్లలూ అనుకుంటారు. మూడు వేర్వేరు ద్వారాలు ఉంటాయి: ముందు మూత్రానిది, మధ్యలో యోని, వెనక మలద్వారం. మా ప్రశ్నల డబ్బాలో దాదాపు ప్రతి ఏడాదీ వచ్చే చీటీ "ఆ రోజుల్లో మూత్రానికి వెళ్లవచ్చా?" అన్నదే. వెళ్లవచ్చు, వెళ్లాలి. ఆపుకుని కూర్చుంటే మూత్రమార్గ ఇన్ఫెక్షన్ల బెడద పెరుగుతుంది. శుభ్రం చేసుకునేటప్పుడు ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలని కూడా ఇప్పుడే చెప్పండి.

జామకాయ చివరికి ఎవరు తింటారో అది మీ ఇంటి విషయం.

4. ఋతుచక్రం: క్యాలెండరు మీద

రెండో సాయంత్రం ఇక్కడ మొదలుపెట్టండి. పుస్తకంలో గుండ్రటి బొమ్మ ఇచ్చినా, గళ్ల క్యాలెండరు మీద అయితే బాగా అర్థమవుతుంది.

జూన్ 3న ఎర్రచుక్క పెట్టించండి. ఇది ఊహించుకున్న తేదీ మాత్రమే. ఇంట్లో ఎవరి తేదీలూ అడగవద్దు, వాడవద్దు. స్రావం మొదలైన రోజే చక్రంలో మొదటి రోజు. ఆగిన రోజు కాదు. 28 రోజుల చక్రమైతే మళ్లీ జూలై 1న మొదలవుతుంది. ఇప్పుడు జూలై 1 నుంచి వెనక్కి 14 రోజులు లెక్కపెట్టమనండి. జూన్ 17 వస్తుంది. అండం విడుదలయ్యేది ఇంచుమించు అప్పుడు.

ఇదే లెక్క 32 రోజుల చక్రానికి చేయించండి. తర్వాతి నెలసరి జూలై 5, వెనక్కి 14 రోజులు అంటే జూన్ 21. 24 రోజుల చక్రానికి జూన్ 27 నుంచి వెనక్కి వస్తే జూన్ 13. అండం విడుదలయ్యాక మిగిలే వెనకభాగం సుమారుగా 14 రోజులే ఉంటుంది, సాగేదీ కుదించుకునేదీ ముందుభాగం. "ఎవరికైనా పద్నాలుగో రోజే" అని బట్టీపట్టిన పిల్లలు లెక్కల ప్రశ్న వస్తే తెల్లబోయేది ఇందుకే.

హెచ్చరిక: ఇది అర్థం చేసుకోవడానికి వేసిన లెక్క. గర్భం రాకుండా కాపాడుకునే పద్ధతిగా దీన్ని నమ్మరాదు. శుక్రకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు, అండం ఒక రోజుకు మించి నిలవదు, పైగా చక్రం ప్రతి నెలా ఒకేలా ఉండదు. నెలసరి మొదలైన మొదటి రెండు మూడేళ్లలో ఆడపిల్లలకు 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు.

తర్వాత కుంకుమ నీళ్లు. కొలత మూతతో 10 మిల్లీలీటర్లు ప్యాడ్ మీద పోయండి. ఎంత మరక అవుతుందో చూసి పిల్లలు ఉలిక్కిపడతారు. మామూలుగా ఒక నెలసరిలో మొత్తం పోయే రక్తం అలాంటి మూతలు మూడు నాలుగు, అంటే 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ అని లెక్క. "ఒంట్లో రక్తమంతా పోతుంది" అన్న భయం ఒక్క మూతతో తీరిపోతుంది. మగపిల్లలు ఈ పని చేసి చూశాక తరగతిలో ప్యాడ్ మీద జోకులు తగ్గాయని ఒక తల్లి నాతో అన్నారు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

ఆ ప్యాడ్ పారేయడం కూడా చూపించండి. కాగితంలో చుట్టి, పైన ఎర్ర గుర్తు వేసి, తడిచెత్త, పొడిచెత్తలో కలపకుండా వేరుగా ఇవ్వాలి. బెంగళూరులో పౌరకార్మికులు అలాగే అడుగుతారు. టాయిలెట్‌లో పడేస్తే అపార్ట్‌మెంటు పైపు మూసుకుపోతుంది.

5. అండం నుంచి బిడ్డ దాకా

రాత్రి తొమ్మిది అవుతుంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడతారు. తొందరలోనే మూడు తప్పులు దొర్లుతాయి.

ఒకటి, ఫలదీకరణం, అంటే అండం, శుక్రకణం కలవడం, గర్భాశయంలో జరుగుతుందని రాయడం. జరిగేది దారంలో, అంటే ఫాలోపియన్ నాళంలో. ఏర్పడిన సంయుక్తబీజం (జైగోట్) విభజన చెందుతూ వారం రోజులకు గర్భాశయం పొరలో కుదురుకుంటుంది. దారం మీద వేలు పెట్టి ఆ చోటు చూపించమనండి.

రెండు, తల్లి రక్తం బిడ్డలోకి వెళుతుందని రాయడం. కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు ఎరుపు, మరోవైపు నీలం వేయించండి. రంగులు గీత దాటకూడదు. జరాయువులో రెండు రక్తాలూ పక్కపక్కనే ప్రవహిస్తాయి కానీ కలవవు. ఆక్సిజన్, పోషకాలు తల్లి నుంచి బిడ్డకు, వ్యర్థాలు బిడ్డ నుంచి తల్లికి దాటుతాయి. "పిండానికి పోషణ ఎలా అందుతుంది?" అన్న ప్రశ్నకు ఈ బొమ్మే సగం జవాబు.

మూడు, ఆడో మగో తేల్చేది తల్లి అనుకోవడం. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ రావచ్చు, వై రావచ్చు. బొమ్మ పడితే ఎక్స్, బొరుసు పడితే వై అనుకుని రూపాయి నాణెం ఇరవై సార్లు ఎగరేయించి రాయించండి. సరిగ్గా చెరి పది రాకపోవచ్చు, వరుసగా నాలుగు బొమ్మలు పడవచ్చు. నాయనమ్మ కూడా పక్కన కూర్చుని చూస్తే మరీ మంచిది. పుట్టకముందే లింగం చెప్పడం, చెప్పించుకోవడం 1994 చట్టం కింద నేరమని ఈ సందర్భంలోనే చెప్పండి.

పరిమాణం గురించి అడిగితే వంటింట్లోకి వెళ్లండి. అండం సూదిగా చెక్కిన పెన్సిలు చుక్క కంటే చిన్నది, మిల్లీమీటరులో పదోవంతు. చివరి నెలసరి నుంచి ఏడు వారాలకు పిండం ఒక సెంటీమీటరు, అంటే దాదాపు ఒక అనపగింజంత. చలికాలంలో బెంగళూరులో ఏ వీధిలో చూసినా అవరెకాయల (అనపకాయల) గుట్టలే కాబట్టి గింజకు కొదవ లేదు.

తొమ్మిది నెలలా, నలభై వారాలా అన్న సందేహమూ వస్తుంది. వైద్యులు చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కిస్తారు. జనవరి 1 అయితే కాన్పు అంచనా అక్టోబరు 8. ఫలదీకరణం నుంచి చూస్తే 266 రోజులే.

6. గర్భనిరోధం, వ్యాధులు: రెండే ప్రశ్నలు

ఇక్కడ సగం మంది పెద్దలు పుస్తకం మూసేస్తారు. మూయకండి. కాగితం మీద నాలుగు వరుసలు రాయించండి: కండోమ్, మాత్రలు, గర్భాశయంలో అమర్చే కాపర్-టి, శస్త్రచికిత్స. ఒక్కోదాని ఎదుట రెండే ప్రశ్నలు. గర్భం రాకుండా ఆపుతుందా? లైంగిక వ్యాధులను ఆపుతుందా? మొదటి గడిలో నాలుగింటికీ అవును. రెండో గడిలో అవును వచ్చేది కండోమ్‌కు మాత్రమే, అదీ నూటికి నూరు శాతం కాదు. కాపర్-టి వాడితే వ్యాధుల నుంచి రక్షణ ఉంటుందా అన్నది పాఠం చివరి ప్రశ్నల్లో ఉన్నదే. ఈ పట్టిక రాసిన పిల్లలు దాన్ని తప్పు రాయరు.

మగవారికి చేసే శస్త్రచికిత్స వేసెక్టమీలో ముష్కాలు తీసేస్తారని కొందరు రాస్తారు. తీసేయరు, శుక్రవాహికలను కత్తిరించి మూస్తారు. ఆడవారికి చేసే ట్యూబెక్టమీలో ఫాలోపియన్ నాళాలను మూస్తారు. మీ ఎర్రగీత మీద, దారం మీద ఆ చోట్ల ఇంటూ గుర్తు పెట్టిస్తే చాలు. గనేరియా, సిఫిలిస్ బాక్టీరియా వల్ల, ఎయిడ్స్, పులిపిర్లు వైరస్ వల్ల. దోమకాటు వల్ల, చేయి కలపడం వల్ల ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ వైరస్ రాదు.

7. పుస్తకంలో లేని, మీరు చెప్పవలసిన సంగతులు

ఆడపిల్లలకు: పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోతే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, ఎనిమిది రోజులు దాటినా ఆగకపోతే, నొప్పితో ప్రతి నెలా బడి మానేస్తుంటే డాక్టరుకు చూపించాలి. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే పక్కింటి సలహా వైద్యం కాదు.

మగపిల్లలకు: వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే సిగ్గుపడి పొద్దుటిదాకా ఆగకూడదు. అది మెలిపడి రక్తప్రసరణ ఆగిపోవడం కావచ్చు. ఆరు గంటల లోపు శస్త్రచికిత్స జరిగితే కాపాడే అవకాశం ఎక్కువ. అర్ధరాత్రయినా నాన్నను లేపాలి. ఈ ఒక్క వాక్యం ఏ బడిలోనూ చెప్పగా నేను వినలేదు.

ఇద్దరికీ: ఎవరైనా తాకడం ఇబ్బందిగా అనిపిస్తే ఇంట్లో చెప్పాలి. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. పట్టిక కాగితం వెనక రాసి పెట్టించండి.

8. వచ్చిందో లేదో చూడటం

మూడు రోజులు ఆగండి. మరునాడే అడిగితే అందరికీ అన్నీ వస్తాయి. నాలుగో రోజు ఖాళీ కాగితం ఇచ్చి, పది నిమిషాల్లో రెండు పటాలూ గీసి భాగాలు గుర్తించమనండి. గుర్తింపు గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు, గీత కొస అవయవాన్ని తాకాలి, పేర్లన్నీ ఒకే పక్కన ఉండాలి. గీత తాకకపోతే పేరు సరైనదైనా మార్కు పోతుంది.

తర్వాత నోటితో మూడు ప్రశ్నలు. అండానికి ఫలదీకరణం జరగకపోతే ఏమవుతుంది? 30 రోజుల చక్రంలో, ఆగస్టు 1న మొదలైతే అండం ఎప్పుడు విడుదల కావచ్చు? ఒక నాళం మాత్రమే మూసుకుపోతే గర్భం రావచ్చా? రెండోదానికి ఆగస్టు 17 దరిదాపు అనాలి. మూడోదానికి రావచ్చు అనాలి, ఎందుకంటే రెండో వైపు నాళం, అండాశయం పనిచేస్తుంటాయి. ఈ చివరి ప్రశ్న బట్టీపట్టినవారికి రాదు, జామకాయ పక్కన దారం పరచినవారికి వస్తుంది.

ఒక పాత స్వీటు డబ్బాకు చీలిక పెట్టి నెల రోజులు బల్ల మీద ఉంచండి. పేరు రాయకుండా చీటీలు వేయమనండి. ఇద్దరు పిల్లలే ఉన్న ఇంట్లో చేతిరాత పట్టుబడిపోతుంది కదా అంటారు. పట్టుబడినా పట్టుబడనట్టే ఉండండి. జవాబు తెలియని చీటీ వస్తే "కనుక్కుని ఆదివారం చెబుతాను" అనండి, ఆదివారం నిజంగానే చెప్పండి.

రేపే పరీక్ష, ఇవాళ ఇది చదువుతున్నారా? అయితే 2, 3 మెట్లలోని రెండు పటాలు, 6లోని పట్టిక మాత్రం చేయించి పడుకోబెట్టండి. జామకాయ కోసం ఈ రాత్రి మార్కెట్టుకు పరిగెత్తకండి. వంకాయ కూడా సరిపోతుంది. దాని తొడిమ వైపే సన్నగా ఉంటుంది కాబట్టి అది కూడా తొడిమ కిందికి పెట్టాలి.